తంగేడుపల్లెకు దారి

ఫిబ్రవరి 11

ఈ ఉదయం మ్యూజియం గడప మీద నిలబడి ఉంటే ఒకాయన నా చెవిలో, "అబ్బ, తామరపూలు ఎంత బాగున్నాయో!" అన్నాడు.

మా మ్యూజియంలో తామరపూలు లేవు. చుట్టుపక్కల ఎక్కడా లేవు. ఎర్రకోన గట్టు మీద తామర పూయాలంటే ముందు ఆ బండల మీద నీళ్ళు నిలవాలి. ఆయనకేదో పరధ్యానం అనుకున్నాను. అంతలో ఒకావిడ, ఆమె వెనకే ఇంకెవరో, అదే మాట అన్నారు. కొలను మధ్యలో మండపం ఎవరు కట్టించారని ఒక పిల్లాడు అడిగాడు. 

నా పేరు చౌడేశ్వరి. నేను నడకరిని. ఎండలు ముదిరి, ఊరు దాటి పోవడానికి ఇంటికి ఏడాదికి ఒక్క పర్మిట్ మాత్రమే ఇచ్చే రోజులు వచ్చాక, చూడదగ్గ చోట్లలో జనానికి బదులు మాలాంటివాళ్ళం నడుస్తున్నాం. నుదుటికి కట్టుకున్న పట్టీ నేను చూసేదీ వినేదీ పంపుతుంది. చేతి తొడుగులూ చెప్పుల అట్టలూ నేను తాకేది పంపుతాయి. ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్న అతిథి అలాంటి తొడుగులే వేసుకుంటే, కోట గోడ మీద నేను చెయ్యి వేసినప్పుడు ఆ గోడ గరుకు అతని అరచేతికి తెలుస్తుంది. ఒక్కోరోజు వేలమంది నాతో నడుస్తారు. నడిపించే సంస్థ పేరు చూపుబాట.

ఎండ ముదరక ముందే బయలుదేరతాం. కోట వాకిలి, దాని వెనక రాతి గాదెలు, పెన్న కనిపించే లోయ అంచు, పిచికలు గూళ్ళు పెట్టిన గుహ, అక్కడి నుంచి మెట్లదారి, చివరగా గట్టు మీది మ్యూజియం. మిగతావన్నీ రాజులవి. మ్యూజియం మాత్రం మాది. జలాశయం కట్టినప్పుడు మునిగిపోయిన తంగేడుపల్లె నుంచి జనం మోసుకొచ్చుకున్న సామాను అందులో ఉంది. ఆ జనమూ, వాళ్ళ పిల్లలమూ ఇక్కడి కాలనీలో ఉంటున్నాం.

నడక ముగిసి పట్టీ తీశాక మాబున్నత్త మంచినీళ్ళ చెంబు అందించింది. మ్యూజియం చూసుకునేది ఆమే. ఊరు మునిగేనాటికి ఆమెకు పన్నెండేళ్ళు.

"ఏం మ్మే, నీ అతిథులకు నోళ్ళు పడిపోయినాయా?" అంది. "మునుపు రోలు సూపిస్తే చాలు, నీ చెవి తినేస్తాండ్రి. ఇప్పుడు ఒక్కడన్నా ఏందిది అని అడగడం ల్యా."

తామరపూల సంగతి ఆమెకు చెప్పలేదు.

ఫిబ్రవరి 13

వారసత్వ మండలి నుంచి మాబున్నత్తకు నోటీసు వచ్చింది. ఏడాదిగా ఒక్క సందర్శకుడూ రాని ప్రదర్శనశాలకు రక్షణ తీసేస్తారట. ఆ స్థలంలో సరుకుల డ్రోన్లు దిగడానికి తిన్నె కడతారట. సామాను గోదాముకు పోతుంది. మార్చి ఇరవైన అధికారి వచ్చి చివరిసారి పరిశీలిస్తారు, అప్పటికీ ఎవరూ రాకపోతే ఆ రోజే పడగొడతారు.

"ఒక్కరూ రాకపోవడమేంది?" అన్నాను. "దినామూ నేను తోలకొస్తాండా కదా?"

"నీతో వచ్చేటోళ్ళ లెక్క మీ కంపెనీనే పంపిస్తాది. ఈసారి పంపినదాంట్లో మ్యూజియం పేరే ల్యా, ఏడాదికంతా సున్న అని ఉండాది."

"మన కాలనీ జనం వచ్చిపోతాండారు. వాళ్ళను రాసుకోరా?"

"సొంతింటికి వచ్చినోళ్ళను సుట్టాలంటారా?" అంది మాబున్నత్త. నోటీసును మడిచి, ఎక్కడ పెట్టాలో తోచనట్టు కాసేపు చేతిలోనే ఉంచుకుంది. చివరికి విసనకర్రలా ఊపుకుంటూ కూర్చుంది.

ఫిబ్రవరి 18

అతిథులు మాట్లాడాలనుకుంటే మీట నొక్కి మాట్లాడతారు. వాళ్ళ గొంతు నాకే వినబడుతుంది. ఈరోజు ఒక పెద్దాయన పలకరించాడు.

"అమ్మా, నా పేరు వీరభద్రం అండి. మండపేట. సంగీతం మాస్టారుగా చేసి రిటైరయ్యాను. నాకు కళ్ళు కనపడవు. నలభయ్యో ఏట పోయాయి. అంచేత మీ బొమ్మలతో నాకు పని లేదు, తాకుడు మాత్రం తీసుకుంటాను."

"సెప్పండి సార్," అన్నాను.

"మా మనవరాలు లహరి పక్కనే కూర్చుని ఏం కనబడుతోందో చెప్తూ ఉంటదండి. ఇప్పుడు తామరకొలను కనబడుతోందంటది. మీరేమో ఇందాకే గడప ఎక్కారు. నా అరికాలికి తెలిసింది. ఇప్పుడు మీ చెయ్యి కొయ్య మీద ఉంది. పాత కొయ్య, నూనె పట్టి నున్నబడింది. మధ్యలో మేకులున్నాయి. కొలనులో ఈ కొయ్య ఏంటమ్మా?"

నా చెయ్యి అప్పుడు తంగేడుపల్లె మునసబు ఇంటి దర్వాజా మీద ఉంది. ఎనిమిదిమంది మోసుకొచ్చిన దర్వాజా అది.

"సార్, ఇది దర్వాజా. ఇది మ్యూజియం. ఈడ కొలను ల్యా," అన్నాను.

ఆయన, "తామరతూళ్ళ కూర ఎలా వండాలో బలే చెప్పారమ్మా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కానీ మీ చెయ్యి వణుకుతోంది. కూర గురించి చెప్పేటప్పుడు ఎవరికీ చెయ్యి వణకదు కదమ్మా."

నా గొంతును కూడా మార్చేస్తున్నారు.

"మీరన్నది నాకు చేరటం లేదేమో," అన్నాడాయన. "ఓ పని చేయండి. నిజంగా కొలను ఉంటే ఒకసారి తట్టండి. లేకపోతే రెండుసార్లు."

దర్వాజా మీద రెండుసార్లు తట్టాను.

"ఓరి నాయనో," అన్నాడు వీరభద్రం మాస్టారు.

ఫిబ్రవరి 19

హైదరాబాదు కంట్రోల్ రూములో మా దారిని చూసుకునే ప్రహ్లాద్ గారితో మాట్లాడాను. చిన్నవాడు, మర్యాదస్తుడు. నేనింత సూటిగా అడుగుతానని ఆయన అనుకోలేదు.

"దాచడానికేం లేదు చౌడేశ్వరి గారూ," అన్నాడు. "నడక అయిపోయాక అతిథులు ఎంత సంతోషంగా ఉన్నారో మా యంత్రం కొలుస్తుంది. మీ దారిలో చివరిదాకా సంతోషం పెరుగుతూ పోయి, మ్యూజియం దగ్గర ఒక్కసారిగా పడిపోయేది. కొందరు ఏడ్చేవాళ్ళు. మళ్ళీ బుక్ చేసుకునేవాళ్ళు కాదు. దాంతో యంత్రమే నేర్చుకుని అక్కడ కొలను పెట్టింది. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదండీ."

"ఎవురూ నిర్ణయించకుండానే మా ఊరు రెండోసారి మునిగిందా సార్?"

ఆగకుండా ఇంకోటి అడిగాను.

"నా మాట మార్చేదానికి మీకు హక్కు యాడిది?"

"ఒప్పందంలో ఉందండీ. బొమ్మకు తగ్గట్టు మాట ఉండాలి కదా. తాకుడు మాత్రం మార్చలేం. ఆ విద్య ఇంకా ఎవరికీ పట్టుబడలేదు." అంతలోనే అనకూడనిది అన్నట్టు తడబడ్డాడు. "చూడండి, ఏప్రిల్ నుంచి మిమ్మల్ని ఊటీ దారికి వేద్దామనుకుంటున్నాం. చల్లటి చోటు. పెద్ద నడక. కొలనును అలాగే ఉంచమని పై నుంచి వచ్చింది, నా చేతిలో లేదు."

"మీ చేతిలో ల్యాకపోతే మాయె. నా చేతులు నాకుండాయి," అన్నాను.

కోపంలో అన్న మాట అది. ఆలోచన మాత్రం ఆ తర్వాతే మొదలైంది.

ఫిబ్రవరి 25

మ్యూజియం లోపలి గదిలో మా నాన్న చెక్కిన బండ ఉంది. దాన్ని వీధుల బండ అంటాం. గోడకు ఆనించకుండా మంచంలా నేల మీద పడుకోబెట్టారు. జలాశయం తలుపులు దించేముందు మా నాన్న తంగేడుపల్లె వీధులన్నీ తిరిగి, వాటిని ఈ కడప బండ మీద గాడులుగా చెక్కాడు. రచ్చబండ దగ్గర మొదలై రెడ్లవీధి, పింజారుల సందు, పీర్లచావిడి, మాలపల్లె, ఏటిగడ్డ. ప్రతి గాడి పక్కనా ఆ ఇంటివాళ్ళ పేరు లోతుగా దింపాడు. వేలు పెడితే ఊరంతా తిరిగి రావచ్చు. చిన్నప్పుడు మాకు అదే ఆట. ఊరు చూడని మా ఈడు పిల్లలమంతా, పోయి సూరమ్మ ఇల్లు ముట్టుకుని రా అని పందేలు వేసుకునేవాళ్ళం.

మాస్టారికి తట్టినట్టే అందరికీ చెప్పాలనుకున్నాను. వీధుల బండ మీది దుమ్ములో వేలితో "ఇది మ్యూజియం" అని రాశాను. నా వేలితో పాటు వేల వేళ్ళు ఆ అక్షరాలు దిద్దాయి. చెవిలో గొంతులు వినబడ్డాయి.

"నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో."

"తామరాకు గరుగ్గా ఉంటుందని నాకు తెలీదు."

మాస్టారు ఒక్కడే ఆ మాట చదివి పలికాడు. మిగతావాళ్ళకు కళ్ళెదుట కొలను ఉంది. కళ్ళు చూసింది నమ్మాక వేళ్ళు చెప్పింది ఎవరు వింటారు?

మాబున్నత్తకు అంతా చెప్పాను. ఆమె లేచి బండ మీది దుమ్మంతా తుడిచింది.

"కండ్లతోనే గదా వాళ్ళకు తంటా," అంది. "మూసెయ్యి."

"నేను మూస్తే వాళ్ళకు చీకటైపోతాది. ఆ చీకటి మీద యంత్రం దేన్నీ పెట్టల్యాదు, నిజమే. కానీ కావాలని కండ్లు మూసుకుని నడిస్తే ఉద్యోగం తీసేస్తారు. మొదటి నిబంధనే అది."

"ఆ చల్లగది గూడా పోతాదా?"

"పోతాది."

నడకరులకు సంస్థ చల్లగది ఇస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలనీలో మిగతావాళ్ళంతా నేలమాళిగలో పక్కపక్కన పడుకుని వేసవి గడుపుతారు. నేను ఆరేళ్ళుగా ఆ మాళిగకు పోలేదు.

"నువ్వు సేయమని నేను సెప్పను పాపా," అంది మాబున్నత్త. "సేస్తే మాత్రం, నా పక్కన చాప ఖాళీగా ఉండాది."

మార్చి 4

చేశాను.

కోట వాకిలి దగ్గర ఎప్పటిలాగే మొదలుపెట్టాను. గాదెల్లో మాట ఎలా మోగుతుందో వినిపించాను. లోయ అంచున సూర్యుడు ఎదురుగట్టు మీదికి ఎక్కేదాకా ఆగాను. అతిథులకు ఏ లోటూ చేయలేదు. మెట్లదారి ఎక్కుతుంటే మాస్టారు పలకరించాడు.

"అమ్మా, ఈరోజు మీ నడక వేరేగా ఉంది. పరీక్షకెళ్ళే పిల్లలా గబగబా వేస్తున్నారు."

నవ్వొచ్చింది. మెట్టు మీద రెండుసార్లు తట్టాను. కాదని. అబద్ధమే.

గడప దాటాను. తామరల గురించి గొంతులు మొదలయ్యాయి. లోపలి గదిలోకి పోయి వీధుల బండ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మాబున్నత్త నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ బరువు కూడా వాళ్ళకు తెలిసే ఉంటుంది.

కళ్ళు మూశాను.

చెవిలో ఒక్కసారిగా గోల మొదలైంది. ఏమైందని, కరెంటు పోయిందా అని, డబ్బు వెనక్కివ్వమని. ఎవరో భయపడి ఏడ్చారు. ప్రహ్లాద్ గారి గొంతు వాటన్నిటి మీదుగా వచ్చింది. "చౌడేశ్వరి గారూ, కళ్ళు తెరవండి. దయచేసి తెరవండి." నేను ఏమీ అనలేదు. అన్నా నా మాటను ఇంకేదో చేస్తారు.

వేలిని బండ పైఅంచున ఊరి పేరు దగ్గర పెట్టాను. మొదటి అక్షరంలోకి దించి, మెల్లగా తిప్పాను. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దించినట్టు దిద్దించాను. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి.

గోల కొంచెం తగ్గింది.

"ఇదేంటి, రాతా?" అన్నారు ఎవరో.

"త," అన్నాడు మాస్టారు. "త పక్కన సున్న."

ఆయన గొంతు నాకే వినబడుతుందనుకున్నాను. కానీ చీకట్లో భయపడి అందరూ మీటలు నొక్కిపట్టినట్టున్నారు. అలా అందరూ ఒకేసారి నొక్కితే ఒకరి గొంతు ఒకరికి వినబడుతుందట. నాకూ అప్పుడే తెలిసింది.

"గ... గే," అంది ఒక ఆడగొంతు.

"డు."

"తంగేడు!" అన్నాడు ఒక పిల్లాడు.

"ప. ల కింద ల వత్తు. పల్లె."

"తంగేడుపల్లె," అన్నారు చాలామంది ఒకేసారి, రెండో తరగతి పిల్లలు పలికినట్టు.

నాకు ఏడుపు వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాను. రచ్చబండ దగ్గర వేలు పెట్టి ఊళ్ళోకి నడిచాను. కోటిరెడ్డి. దానిమ్మ లచ్చుమ్మ. దూదేకుల పెద్ద హుసేను, అది మాబున్నత్త నాన్న పేరు. అక్కడ ఆగాను. పేరు చదివి, నాకు ఎప్పుడూ తెలియని గొంతులు "హుసేను" అన్నాయి. నా భుజం మీది చెయ్యి బిగుసుకుంది. పీర్లచావిడి మలుపు తిరిగాను. మాలపల్లెలో సుంకన్న, ఓబుళేసు, వాళ్ళ పక్కిల్లు. ఏటిగడ్డ దాకా పోయాను. అక్కడ గాడి అయిపోతుంది. మా నాన్న అక్కడితో ఆపేశాడు. ఆ తర్వాత అంతా నున్నటి బండే.

నున్నటి బండ మీద నా వేలితో నేను రాశాను. ఏమీ చెక్కి లేదు, దుమ్ము కూడా లేదు, ఉత్త వేలు కదలిక మాత్రమే. "ఇక్కడ కొలను లేదు. మా ఊరు ఉంది. మార్చి ఇరవైన పడగొడతారు. రండి."

మూడుసార్లు రాశాను. మూడోసారి ఒకామె మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివింది. 

పట్టీ దానంతటదే ఆరిపోయింది.

మార్చి 5

ప్రహ్లాద్ గారు పొద్దున్నే ఫోన్ చేశాడు. రాత్రంతా నిద్ర లేనట్టుంది గొంతు.

"సంస్థవాళ్ళు ఒక అవకాశం ఇస్తున్నారు," అన్నాడు. "కంట్లో దుమ్ము పడిందని, నొప్పికి తట్టుకోలేక మూసుకున్నారని చెప్పండి. డాక్టరు కాగితం మేమే ఇప్పిస్తాం. ఊటీ దారి అలాగే ఉంటుంది."

"దుమ్ము పడల్యా సార్."

"ఆలోచించండి. వేసవి వస్తోంది."

"నా కండ్లు నేనే మూసినా. ఎవురన్నా అడిగితే అట్నే సెప్పండి. మళ్ళా పట్టీ ఇస్తే మళ్ళా మూస్తా."

ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "మా అమ్మ కూడా నిన్న మీతో నడిచింది. దేనికో తెలీదు, ఆ పేర్లన్నీ కాగితం మీద రాసుకుంది." ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నానికి మనిషి వచ్చి పట్టీ, తొడుగులు, చెప్పులు తీసుకుపోయాడు. చల్లగది తాళం చెవి కూడా. నా సామాను ఒక ట్రంకుపెట్టె, ఒక మూట. కాలనీవాళ్ళు మాళిగ దగ్గర నిలబడి చూస్తున్నారు. జాలి పడతారేమోనని తలెత్తుకుని నడిచాను. ఎవరూ జాలి పడలేదు. సుంకన్న మనవడు వచ్చి పెట్టె అందుకున్నాడు.

"అక్కా, మా తాత పేరు యాడో వేరే దేశంలో వాళ్ళు గూడా పలికినారంట. నిజమేనా?" అన్నాడు.

"నిజమే. తప్పు ల్యాకుండా పలికినారు," అన్నాను.

మార్చి 16

అతిథుల దగ్గర నుంచి ఉత్తరం లేదు, కబురు లేదు. చూపుబాట వాళ్ళు మా దారికి కొత్త నడకరిని వేశారు. అతను పిచికల గుహ దగ్గరే నడక ముగించి వెనక్కి తిరుగుతున్నాడు. మెట్లదారి మొదట్లో తాడు కట్టారు. నేను దాన్ని విప్పాను. మర్నాడు మళ్ళీ కట్టారు. మళ్ళీ విప్పాను.

"ఎందుకు మ్మే ఈ పని? ఎవురొస్తారని?" అంది మాబున్నత్త.

"ఎవురూ రాకపోయినా, దారి మూసింది వాళ్ళు గదా. మూసి ఉంటే వాళ్ళ మాట నెగ్గినట్టు."

ఈ వేసవికి వాన రాకపోతే మాళిగలో నీళ్ళు చాలవంటున్నారు. నేను చాప మీద పడుకుని ఊటీ గురించి ఆలోచించకుండా ఉండడానికి ప్రయత్నిస్తాను. కొన్ని పగళ్ళు కుదరదు.

మార్చి 20

వారసత్వ మండలి అధికారిణి వచ్చింది. పేరు సువర్చల. ఆమె వెనక పడగొట్టే యంత్రం వేసిన లారీ. మనిషి కఠినంగా ఏం లేదు. చెమట తుడుచుకుంటూ, ఎండ ముదరక ముందే అయిపోవాలన్నట్టు తొందరపడింది.

"నియమం నేను పెట్టింది కాదమ్మా," అంది మాబున్నత్తతో. "ఏడాదిలో ఒక్క సందర్శకుడన్నా ఉండాలి. ఒక్కరు కూడా లేరు."

"ఇంకా దినం అయిపోలేదు గదా," అన్నాను.

"ఎవరొస్తారు? ఇక్కడికి రావాలంటే పర్మిట్ వాడుకోవాలి. ఏడాదికొక్కటి. పెళ్ళికో చావుకో దాచుకుంటారు గానీ దీనికి వాడతారా?"

మాబున్నత్త లోపలికి పోయి వీధుల బండ మీద కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. కాలనీ జనం ఒక్కొక్కరే వచ్చి గది నింపారు. ఎవరూ కేకలు వేయలేదు. సువర్చల గారు గుమ్మంలో నిలబడి, "లేవండమ్మా, నా ముందు ఇలా కూర్చుంటే నేనేం చేసేది," అంది.

"మునిగినప్పుడు లేచినాం," అంది మాబున్నత్త. "ఇప్పుడు లేవం."

అప్పుడు గట్టు కింద బస్సు హారన్ వినబడింది.

మెట్లదారి మీదుగా మనుషులు ఎక్కి వస్తున్నారు. ఎండకు తలల మీద తడిగుడ్డలు కప్పుకుని, ఒకరినొకరు పట్టుకుని. ముందు ఒక అమ్మాయి. ఆమె భుజం మీద చెయ్యి వేసి తెల్ల చొక్కా పెద్దాయన. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. అడుగు వేసేముందు చెప్పు అంచుతో మెట్టును తడిమే తీరు చూసి పోల్చుకున్నాను.

"మాస్టారూ!"

"చౌడేశ్వరమ్మా? మాట మార్చకుండా వింటే మీ గొంతు ఇదన్నమాట!" అన్నాడు వీరభద్రం మాస్టారు. "కొంచెం బొంగురేనండి."

వాళ్ళలో గుంటూరువాళ్ళు ఉన్నారు, బళ్ళారివాళ్ళు ఉన్నారు. ఒకామె మద్రాసు నుంచి. చెల్లెలి పెళ్ళికి దాచుకున్న పర్మిట్ తెచ్చానని ఒకతను అన్నాడు. పెళ్ళికి పోకపోతే ఏమంటారో తెలీదు గానీ, ఆ చీకట్లో తను ఆ పేర్లు పలికాడట, పలికాక ఇంట్లో కూర్చోలేకపోయాడట. మా జనం లేచి వాళ్ళకు దారి ఇచ్చారు. మాబున్నత్త మాత్రం బండ మీది నుంచి దిగి, దాని పక్కనే నేల మీద కూర్చుంది.

సువర్చల గారు కంప్యూటర్ పలక తెరిచి ఒక్కొక్కరి పేరూ అడిగి నింపుతోంది. వీరభద్రం మాస్టారి దగ్గర ఆగింది.

"ఈ ఫారం, ప్రదర్శన చూశారా అని అడుగుతుందండీ. మీరేమో..."

"చూశానని రాసుకోండి," అన్నాడాయన.

"మీకు కళ్ళు..."

"మార్చి నాలుగో తారీఖున ఈవిడ కళ్ళు మూసుకుంటే చూశాను. ఇప్పుడు నా చేత్తో చూస్తాను. రాసుకోండమ్మా, అబద్ధం కాదు."

ఆమె ఆయన ముఖం వంక చూసింది. తరువాత రాసుకుంది.

మాస్టారు నేల మీద చతికిలబడి బండ అంచు వెతికాడు. మాబున్నత్త ఆయన వేలు పట్టుకుని రచ్చబండ దగ్గర పెట్టింది. "ఈడనుంచి నడువు నాయనా," అంది. మధ్యాహ్నం దాకా ఆ గదిలో మనుషులు వంతులవారీగా వంగి తంగేడుపల్లెలో తిరిగారు. లారీ డ్రైవరు నీడ కోసం లోపలికొచ్చి, వంతు వచ్చేదాకా నిలబడ్డాడు.

రక్షణ ఏడాది పాటు పొడిగించారు. ఒక్క ఏడాదే. వచ్చే మార్చిలో మళ్ళీ వస్తానని చెప్పి సువర్చల గారు లారీ ఎక్కింది.

"రా తల్లీ," అంది మాబున్నత్త. "మేం ఈడనే ఉంటాం."

ఏప్రిల్ 2

మాళిగ వేడిగా ఉంది. నిద్ర సరిగా పట్టదు. అయినా తెల్లవారుజామునే లేచి కోట వాకిలి దగ్గరికి పోతున్నాను. వారానికొకసారి ఎవరో ఒకరు వస్తున్నారు. నిన్న తిరువణ్ణామలై నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. మనుషుల్ని వెంటబెట్టుకుని నడవడం వేరు. వాళ్ళకు దాహం వేస్తుంది, కాళ్ళు నొప్పులంటారు, మధ్యలో పోట్లాడుకుంటారు. నాకు బాగుంది.

చూపుబాట వాళ్ళ పటంలో మ్యూజియం ఇప్పటికీ లేదు. తామరకొలనును కూడా తీసేసి, గట్టు మొత్తాన్ని బోడి కొండగా చూపిస్తున్నారని లహరి చెప్పింది. అందుకని దారి నేనే రాస్తున్నాను. ఎవరికి దొరికితే వాళ్ళు ఇంకొకరికి ఇవ్వండి.

ఎర్రకోన మలుపులో బస్సు దిగండి. కోట వాకిలి గుండా రండి. గాదెల్లో కాసేపు ఆగి, మీ పేరు గట్టిగా పిలిచి చూడండి. లోయ అంచున కుడివైపు బండలు జారతాయి, ఎడమ పక్కగా నడవండి. గుహలో పిచికలు పొదుగుతున్నాయి, శబ్దం చేయకండి. అక్కడితో అయిపోయిందని ఒకతను మిమ్మల్ని వెనక్కి తిప్పడానికి చూస్తాడు. వాడి తప్పు లేదు, వాడి చెవిలో అలా చెప్తున్నారు. మీరు తాడు దాటి మెట్లు ఎక్కండి. నీళ్ళు తెచ్చుకోండి, మా దగ్గర తక్కువ.

ఎవరైనా ఆపి ఎక్కడికని అడిగితే, తంగేడుపల్లెకు పోతున్నామని చెప్పండి.